గుమ్మం బయట అమ్మమ్మ

ఎనభైల నాటి మాట. బారిడీహ్‌లో మా కంపెనీ క్వార్టర్లో నా కూతురి బారసాల. పొత్తిళ్లలో ఉన్నప్పటినుంచీ నన్ను పెంచిన మా అమ్మ హిజ్రా. మనవరాలికి వెండి మొలతాడు పట్టుకుని ఊళ్లోనే ఉన్న భాలుబాసా బస్తీ నుంచి వచ్చింది.

మా అత్తగారు ఆమెను గుమ్మంలోనే ఆపి, బిడ్డను అక్కడికే తెచ్చారు.

“నువ్వు దీవిత్తే పిల్లకి మంచిదంటారు. దీవించీసి ఎల్లిపో. ఉయ్యాల్లో ఏసీది మాత్రం మేమే.”

అమ్మ అక్షింతలు వేసి వెనుదిరిగింది. నాకు ఒళ్లు మండిపోయింది.

“నన్నెత్తుకుని పెంచిన చేతులు ఈ పిల్లకి పనికిరావేటి అత్తా?” అని అరిచాను. అమ్మను గుమ్మం బయటే కూర్చోబెట్టి, బిడ్డను ఆమె ఒళ్లో పెట్టాను.

లోపల పూలు కట్టిన ఉయ్యాల ఖాళీగానే ఉండిపోయింది. బిడ్డ చెవిలో మొదట పేరు చెప్పింది మా అమ్మే.

దీవెన కావాలి గానీ దీవించే మనిషి వద్దనేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ కోపం ఆగదు.