నాలుగో కర్ర

2023లో మలేసియాలోని క్లాంగ్‌లో జరిగిన పెళ్ళి అది. అప్పటికి పద్దెనిమిదేళ్ళుగా పెళ్ళి ఏర్పాట్లు చూస్తున్నాను. పెళ్ళికూతురు లలిత మన తెలుగమ్మాయి. పెళ్ళికొడుకు డేనియల్ మెల్‌బోర్న్ నుంచి వచ్చిన యూదుడు. పొద్దున మన పద్ధతిలో తాళి, ఆ వెంటనే అదే హాల్లో వాళ్ళ పద్ధతి.

వాళ్ళ పందిరిని హుప్పా అంటారు. నాలుగు కర్రలు, పైన ఒక గుడ్డ, అంతే. ఆ కర్రల్ని కావలసినవాళ్ళు నలుగురు చేత్తో పట్టుకోవాలని ఈ జంట కోరుకుంది. చివర్లో పెళ్ళికొడుకు గుడ్డలో చుట్టిన గ్లాసును కాలితో పగలగొడతాడు. నాలుగో కర్ర తన తల్లి అప్పయ్యమ్మగారు పట్టుకోవాలని లలిత కోరిక.

ముందురోజు లలిత పెదనాన్న ఫోన్ చేశారు.

"మా తమ్ముడు పోయినాడు గదమ్మా. ఆమెని ముందుకి తేకండి. భోజనాల కాడ సూసుకుంటది. కర్ర మా అమ్మాయి పట్టుకుంటది."

"గ్లాసు పగలగొట్టడం మీకు ఫర్వాలేదా?"

"అది ఆళ్ళ ఆచారం. ఏటీ కాదు లాహ్!" అన్నారు మలేసియా యాసలో.

నేను వెంటనే రన్ షీట్ మార్చేశాను. ఎవరు ఎప్పుడు ఎక్కడ ఉండాలో రాసుకునే కాగితమది. భర్త పోయిన తల్లుల్ని ఇన్నేళ్ళూ నేనే వెనక్కి నెడుతూ వచ్చాను. తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

తాళి కట్టడం అయింది. హుప్పా ఎత్తారు. లలిత నాలుగో కర్ర వైపు చూసి బయటే ఆగిపోయింది.

"అమ్మేది? అమ్మ రాకపోతే నాను లోపలికి రాను."

"మీ అమ్మ ఇక్కడ నిలబడితే అశుభం" అన్నారు పెదనాన్న.

ఇక నేను ఊరుకోలేకపోయాను. "గ్లాసు పగిలితే అశుభం కాదు, కన్నతల్లి నిలబడితే అశుభమా? ఏం న్యాయమండీ ఇది?"

"నీ పని నువ్వు సూసుకో."

"ఇదే నా పని" అని భోజనాల హాల్లోకి వెళ్ళాను. అప్పయ్యమ్మగారు అరిటాకులు తుడుస్తున్నారు. సంగతి చెబితే బెదిరిపోయారు.

"నానొద్దమ్మా. రేపు నా పిల్లకి ఏటైనా అయితే నన్నే అంటారు."

అదీ అసలు ఘోరం. ఆ తల్లి కూడా నమ్మేసింది.

"మీరు రాకపోతే ఈ పెళ్ళి ఇక్కడే ఆగిపోతుంది" అన్నాను. ఆవిడ పమిటతో చేతులు తుడుచుకుని లేచారు.

పెదనాన్న కూతురు తండ్రి వైపు చూడనే లేదు. "పట్టుకో పిన్నీ" అంటూ కర్ర అందించింది. అప్పయ్యమ్మగారు చివరిదాకా కర్ర వదల్లేదు. గ్లాసు పగిలింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఇప్పుడు రన్ షీట్‌లో తల్లి పేరే ముందు రాస్తాను. మార్చమన్నవాళ్ళను వేరే మనిషిని చూసుకోమంటాను.

మా నాన్న పోయాక జరిగిన నా పెళ్ళి ఆల్బమ్‌లో మా అమ్మ ఒక్క ఫోటోలోనూ లేదు. ఆ రోజంతా వంటల దగ్గరే ఉంది. అమ్మేదని నేను అడగలేదు.