లూజు వదలని చొక్కా

ఆ కుట్టు దుకాణంలోకి వెలుగు ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేది. ఎదురు మేడ నీడ పక్కకు తప్పుకున్నాక, రెండు మిషన్ల మధ్య నేల మీద పలుచటి గుడ్డలా పరుచుకునేది. అమ్మ కత్తిరించి మిషన్ మీద కుట్టేది, పిన్ని గుండీలు కుట్టేది. అమ్మ కళ్లు మసకబారడం మొదలైనప్పటి నుంచి కొలతలు తీసే పని కూతురిది. ఆ పిల్లకు పదహారేళ్లు. సన్నగా ఉండి ఎక్కువ మాట్లాడదని పిన్ని ఆమెను సూది అని పిలిచేది. ఆడవాళ్లు తెర వెనక నిలబడితే, సూది తన మెడలోని టేపు తీసి, వాళ్లు కబుర్లలో ఉండగానే పని ముగించేది.

ఆ ఏడు బడి ఆడపిల్లల వాలీబాల్ జట్టు చొక్కాల పని వచ్చింది. అందరి కొలతలూ అయ్యాక కెప్టెన్ వచ్చింది. సూది కంటే ఒక తరగతి పెద్ద. టేపు పట్టుకున్న సూది చేతులు ఆమె భుజం దాకా వెళ్లి ఆగిపోయాయి.

"కానివ్వు. నాకు చక్కిలిగింతలు లేవులే," అంది కెప్టెన్.

"అక్కర్లేదు. నీ కొలతలు నాకు తెలుసు."

అది పూర్తిగా అబద్ధం కాదు. బంతి కొట్టే ముందు కెప్టెన్ దాన్ని అరచేతిలో పెట్టుకుని ఒక్క క్షణం కదలకుండా నిలబడుతుంది. ఆ క్షణం కోసమే సూది మైదానం గోడ పక్కన ఆగేది. స్నేహితురాళ్లు అబ్బాయిల గురించి చెప్పుకునే మాటలన్నీ తనకు అక్కడ నిలబడితేనే ఎందుకు అర్థమవుతాయో ఎవరినీ అడగలేదు.

ఆ చొక్కా ఒక్కటీ తనే కత్తిరించి కుట్టింది.

కొన్నాళ్లకు కెప్టెన్ అది తొడుక్కునే వచ్చింది. నిలబడితే అచ్చు సరిపోయింది. చేతులు మాత్రం భుజాలు దాటి లేవలేదు.

"ఆంటీ, ఇది వేసుకుంటే బంతిని కొట్టలేను. బతిమాలుకోవాలంతే," అంది. పోటీలకు ఇంకా టైముంది, మళ్లీ వస్తానని తెర వెనక చొక్కా మార్చుకుని, దాన్ని ఇచ్చి వెళ్లింది.

పిన్ని పడీ పడీ నవ్వింది. అమ్మ చంక దగ్గర కుట్టును వేలితో తడిమింది. చేతులు ఆడడానికి వదలాల్సిన లూజు ఎక్కడా లేదు.

"కొలత తీశావా?"

"లేదు. నిలబడినప్పుడు చూసి కుట్టాను."

"ధ్యాస ఎక్కడుందే నీకు?" అంటూ చొక్కాను కూతురి ఒళ్లో పడేసి అమ్మ మళ్లీ మిషన్ తొక్కసాగింది.

"ఎవడి మీదో ఉంటుందిలే అక్కా," పిన్ని దారం కొరికింది. "ఎవడే? ఆ సైకిల్ షాపువాడా?"

సూది ఒళ్లోని చొక్కా వైపు చూసింది. "అబ్బాయి కాదు పిన్నీ."

అమ్మ మిషన్ ఆగిపోయింది. "పిచ్చి మాటలు మాట్లాడకు."

"పిచ్చో కాదో నాకింకా తెలీదమ్మా. ఉన్నది చెప్పాను."

అమ్మ లేచి కూతురి మెడలోని టేపు తీసి తన మెడలో వేసుకుంది. తిట్టలేదు. మర్నాటి నుంచి తెర వెనక్కి తనే వెళ్లింది. సూదికి అంచులు మడవడం మిగిలింది. అన్నం దగ్గర అమ్మ మామూలుగానే ఉండేది. దుకాణంలో మాత్రం, కూతురు తెర వైపు వస్తే కాస్త జరిగి అడ్డు నిలబడేది. తనేమిటో తనకు తెలియకపోవడం సూదికి అలవాటే. తనను చూసి ఒకరు జాగ్రత్తపడడం కొత్త.

ఒక సాయంత్రం ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ వచ్చింది. ఎన్నో ఏళ్లుగా బట్టలు కుట్టించుకునే మనిషి.

"నువ్వొచ్చావేంటమ్మా? నీ చేతులు ఐసుగడ్డలు. పిల్లని పిలు."

"దానికి పనుంది."

"అంచులేగా? ఎక్కడికీ పారిపోవులే."

అమ్మ కదల్లేదు. సూది లేచి తెర దాకా వచ్చింది. గొంతు తగ్గించలేదు.

"అమ్మా, నా చేతులు అందరి దగ్గరా ఆగిపోవు. ఒక్కరి దగ్గరే ఆగాయి."

నర్సమ్మకు ఏమీ అర్థం కాలేదు. పిన్ని తలెత్తలేదు గానీ గుండీ కుట్టడం ఆపేసింది. అమ్మ తన మసక కళ్లతో కూతురి ముఖంలోకి చాలాసేపు చూసింది.

"మరి ఆ కెప్టెన్ పిల్ల మళ్లీ వస్తే?"

"ఆమెకు నువ్వే తియ్యి. నా వల్ల కాదు."

అమ్మ తన మెడలోని టేపు తీసి కూతురి చేతిలో పెట్టింది.

"నిలబడ్డావేం మరి? ఆవిడ డ్యూటీకి టైమవుతోంది," అంటూ తెర పక్కకు లాగింది.