నడుముకు కట్టుకున్న లోకం

గీ మెడ జూడుండ్రి. కుడికి తిరుగుతది, ఎడమకు తిరుగది. ఎడమకు ఎవలన్న పిలిస్తే మనిషిని మొత్తం తిరగాలె. లోకాలను కాపాడవోతే నాకు దొరికిన ఇనాం ఇది. నవ్వకుండ్రి, చాయ్ తాగుకుంట ఇనుండ్రి, మొత్తం జెప్త.

మా చంద్రపూర్ తుకుం గల్లీల గణపతి మండలి ఉన్నది గదా. యేటా దెఖావా వెడ్తరు. అంటే మనుషులే వేషాలు కట్టుకొని గణపతి పక్కకు స్టేజీ మీద ఒక కత చూపిస్తరు. నేను ఆ గల్లీకి వచ్చి పన్నెండేండ్లాయె. పన్నెండేండ్ల సంది చందా ఇచ్చుడు, కుర్చీలు మోసుడు, ప్రసాదం పొయ్యికాడ చెమటలు కక్కుడు. మా తెలుగోళ్ల ఇండ్లు ఎనిమిది ఉన్నయి ఆడ, ఒక్కనికన్న అధ్యక్షుడయ్యే వంతు రాలే. నాకు అది కడుపుల మస్తు ఉండె. దాచుడెందుకు, నిమజ్జనం నాడు ముందటి ట్రాక్టర్‌ల పూలదండ ఏసుకొని కూసోవాలని నాకు పిచ్చి.

ఈ యేడు అధ్యక్షుడు సుధాకర్ భావు, అంటే మరాఠీల సుధాకరన్న, కిరాణా దుకాణమాయన. మీటింగ్‌ల లేచి అడిగేసిన. ఆయన మీసం దువ్వుకుంట, "పోశన్నా, జిల్లాల మన దెఖావాకు ఫస్ట్ ప్రైజ్ రానియ్యి, వచ్చే యేడు అధ్యక్షుడివి నువ్వే" అన్నడు. మా ఎనిమిది ఇండ్లోళ్లు చప్పట్లు గొట్టిండ్రు. ఆ రాత్రి నాకు నిద్రలేదు.

మళ్ల మీటింగ్‌ల, దెఖావా ఏం వెడ్దామంటే లేచిండు విలాస్. ఎవడంటే, మొన్నమొన్నటి దాక రేడియోలు బాగుజేసేటోడు. ఇప్పుడు మిద్దె మీద గంగాళమంత డిష్ వెట్టి గల్లీ మొత్తానికి కేబుల్ ఇస్తుండు. పొద్దంత ఇంగ్లీష్ కార్టూన్లు చూసి చూసి ఆనికి కతలొస్తున్నయి.

"దేవుళ్లు రాక్షసులు పాత ముచ్చట భావు. జమానా మారింది. బయటి దేశాల కూల్‌డ్రింకులు వచ్చినయి, కార్లు వచ్చినయి. దెఖావా కూడ లేటెస్ట్ ఉండాలె" అన్నడు.

ఆని లేటెస్ట్ ఏందంటే, వేరే వేరే యుగాల సూపర్‌హీరోలు అయిదుగురు ఒక్కకాడ కలుస్తరంట. కలిసి సమాంతర లోకాలు నాశనం గాకుంట కాపాడ్తరంట.

"సమాంతర లోకాలంటే ఏందిరా?" అని అడిగిన.

"మన చంద్రపూర్ పక్కపొంటి ఇంకో చంద్రపూర్ ఉంటది కాకా, కనవడది. దాని పక్కకు ఇంకోటి. అన్నిట్ల నువ్వుంటవ్."

"అండ్ల కూడ నేను బొగ్గుగనిల స్టోర్‌కీపర్‌నేనా?"

"ఒకదాంట్ల మేనేజర్‌వి గావచ్చు."

"గట్లయితే నన్ను ఆడికి తోలు. గీదాన్నెందుకు కాపాడుడు? మే నెల ఎండకు ఒక్క చంద్రపూరే తట్టుకుంటలేం, అయిదు చంద్రపూర్‌లు ఎవనికి గావాలె?"

అందరు నవ్విండ్రు, ఆడు నవ్వలే. ఆ హీరోల సంగతి ఇనుండ్రి. ఒకడు రాతియుగపోడు, ఒకడు రాజుల కాలపోడు, ఒకడు తెల్లోళ్ల జమానాలోడు, ఒకడు ఇప్పటి కంప్యూటర్ పిలగాడు, ఒకడు ఇంకా పుట్టనే లేదు. మా దుర్గాపూర్ గని ఆఫీసుల ఒకే కాలపోళ్లం నలుగురం ఉన్నం, పది గంటల మీటింగ్‌కు పన్నెండైనా కలవం. వీళ్లు వేల యేండ్లు దాటుకొని టైంకు వస్తరంట. ఏ బస్సుకు వస్తరో అడిగితే చెప్పలే.

కాని సుధాకర్ భావుకు మస్తు నచ్చింది. నేను నోరు మూసుకున్న. ప్రైజ్ గావాలె గదా.

వేషాలు పంచినప్పుడు ఇంకో గమ్మతు. పుట్టని హీరో, అంటే మెరిసే వెండి బట్టలు, నెత్తి మీద టోపం, అది విలాస్‌ది. నాకేమో రాతియుగం. ఎందుకురా అంటే, "నీకు మేకప్ అక్కర్లేదు కాకా" అన్నడు. గోనెసంచి చుట్టుకొని, థర్మాకోల్ గద వట్టుకొని ఇంటికి వోతే మా ఆమె కింది నుంచి మీది దాక చూసి, "వేషం ఎప్పుడు ఏస్తవ్?" అన్నది.

ఇగ స్టేజీ ముచ్చట. వెదురు దబ్బలతోని బండి గిర్రలంత అయిదు గుండ్రాలు అల్లి, మీద పేపర్ అంటిచ్చి, నీలం రంగు వూసిండ్రు. అవే లోకాలు. పైన అడ్డంగ ఒక పొడుగు బొంగు. దాని మీదికెల్లి అయిదు తాళ్లు. తాడుకు ఒక కొసన లోకం ఏలాడుతది, ఇంకో కొస హీరో చేతిల ఉంటది. కింద అట్టతోని చేసిన రాక్షసుడు నోరు తెరిచి ఉంటడు. తాడు ఇడిస్తే లోకం ఆని నోట్ల వడ్తది. అందుకని ఇడవకుంట వట్టుకోవాలె. గదే కత. సూపర్‌హీరో అంటే ఏందో అనుకున్న, బాయిల బొక్కెన ఏసి నిలవడ్డోడే.

నాలుగు దినాలు మంచిగ నడిచింది. అయిదో దినం జడ్జీలు వచ్చేది ఉండె. ఆరింటికి వస్తమన్నరు. ఏడాయె, పత్తా లేరు. సుధాకర్ భావు, "ఏ నిమిషంల వస్తరో, లోకాలు దించకుండ్రి" అంటడు. చేతులు గుంజుతున్నయి. తెల్లోళ్ల జమానా హీరో ఒక బ్యాంకు గుమాస్త, ఆనికి పొగాకు నలుచుకునేతందుకు రెండు చేతులు గావాలె. "పోశన్నా, ఏమన్న జెయ్యి, లేకుంటే నా లోకం ఇడుస్త" అన్నడు.

ఇగ నాలోని ఇంజనీర్ లేచిండు. ఇరవై యేండ్ల సంది స్టోర్‌ల తాళ్లతోనే బతుకు. ముడుల సంగతి నాకంటె ఎవనికి ఎరుక? "తాడు నడుముకు కట్టుకుందాం" అన్న. అయిదుగురికి నా చేతులతోని నేనే కట్టిన. గుంజినకొద్ది బిగిసే ముడి. కట్టి, చేతులు దులుపుకొని, "బుర్ర అంటే గిదిరా" అని విలాస్‌కు వినవడేటట్టు అన్న.

గప్పుడే జడ్జీలు వచ్చిండ్రు, ముగ్గురు. పెద్ద జడ్జి రిటైర్ అయిన మరాఠీ టీచరమ్మ, మందం కళ్లద్దాలు, నవ్వు అనేది ఎరుగని మొఖం. ముందు హారతి గానియ్యుండ్రి, ఆ తర్వాత దెఖావా చూద్దామన్నది. మేం స్టేజీ మీదనే నిలవడి చప్పట్లు మొదలువెట్టినం.

మీకందరికి ఎరుకే, మన దిక్కు గణపతి హారతి చివరికొస్తే ఏం జేస్తం? ఉన్నకాడనే మన సుట్టు మనం గిర్రున తిరుగుతం. మరాఠీ, తెలుగు అని లేదు, నడక నేర్చినప్పటి సంది తిరుగుతం. పాట ఆడికొస్తే కాళ్లే తిరుగుతయి, బుర్రను అడగవు. ఆ చరణం వచ్చింది. ఊరంత తిరిగింది. నడుములకు తాళ్లు కట్టుకున్న మేం అయిదుగురం కూడ తిరిగినం.

మొదటి సుట్టుకు తాడు నడుముకు సుట్టుకొని లోకాలు పైకి లేచినయి. కింద జనం ఈలలు ఏసిండ్రు. నేను ఖుషీ అయిన. రెండో సుట్టుకు లోకాలు బొంగుకు గుద్దుకున్నయి. ఆగినమా, ఆగలే. కళ్లు మూసుకొని భక్తితోని ఇంకో సుట్టు ఏసినం. విలాస్‌కు టోపం కళ్ల మీదికి జారింది, ఆడు ఉల్టా తిరుక్కుంట వచ్చి నా తాడుల వడ్డడు. పైన బొంగు కిర్రుమని, కట్లు తెంపుకొని, లోకాలతో సహా మా మీదికి వచ్చింది. నా తలకాయ ఒక లోకంల దూరింది. అట్ల దూరి, పోయి పోయి రాక్షసుని నోట్ల వడ్డ. నా మీద విలాస్, ఆని మీద రాజు, ఆయన మీద మిగిలినోళ్లు. అన్ని యుగాలు నిజంగనే ఒక్కటైనయి.

హారతి నడుమ ఆపొద్దు గదా. వడ్డకాడనే పండుకొని చప్పట్లు గొట్టినం. గుమాస్త పొగాకు మింగి దగ్గుకుంట గొట్టిండు. ముడి ఇప్పుదామని సుధాకర్ భావు వచ్చి గుంజిండు. గుంజితే బిగిసే ముడాయె. ఆఖరికి కొబ్బరికాయల కొడవలి తెచ్చి కోసిండ్రు.

నాకు ఏడుపొచ్చింది, నిజం జెప్తున్న. పన్నెండేండ్ల ఆశ నా ముడితోనే పాయె. మా ఎనిమిది ఇండ్లోళ్లు ముందటి వరుసల ఉన్నరు, వాళ్ల మొఖం చూసే ధైర్యం లేదు. చూద్దామన్న తలకాయ లోకంల ఇరికింది.

లోకానికి వడ్డ చిల్లుల నుంచి చూస్తే టీచరమ్మ కళ్లద్దాలు తీసి కొంగుతోని కళ్లు తుడుచుకుంటున్నది. ఏడుస్తున్నదనుకున్న. కాదు, నవ్వి నవ్వి నీళ్లొచ్చినయి. "ఇన్నేండ్లల్ల ఇట్లాంటి దెఖావా చూడలే. ప్రపంచాన్ని కాపాడ్తమని బయలెల్లినోళ్ల గతి భలే చూపెట్టిండ్రు" అన్నది. విలాస్ గానికి కొంప మునిగినంక కూడ సోకు తక్కువ లేదు, టోపం సరిజేసుకొని, "మా సందేశం అదే మేడం" అన్నడు.

ఫస్ట్ ప్రైజ్ మాదే. ఇగ చూసుకో, మిగిలిన దినాలు జనం ఇసుక వోస్తే రాలకుంట వచ్చిండ్రు. రోజు తిరుగుడు, రోజు వడుడు. రెండో దినానికి మెడ పట్టింది.

నిమజ్జనం అయినంక మొన్న మీటింగ్. ఇస్త్రీ అంగీ ఏసుకొని వోయిన. "భావు, ప్రైజ్ వచ్చింది. మరి మీ మాట?" అన్న.

సుధాకర్ భావు గొంతు సవరించుకున్నడు. "మాట మాటే పోశన్నా. కాని అధ్యక్షుడంటే కింద చీఫ్‌గెస్ట్ పక్కన నిలవడాలె. నువ్వు కింద నిలవడితే పైన వడేదెవ్వడు? నీ లెక్క వడేటోడు జిల్లాల లేడు."

మా ఎనిమిది ఇండ్లోళ్ల దిక్కు చూసిన. అందరికంటె ముందు చేతులు లేపింది వాళ్లే. "నువ్వు వడ్తేనే మన తెలుగోళ్ల ఇజ్జత్ అన్నా" అన్నరు. అధ్యక్షుడు ఎవడు? విలాస్. ఆనికి వడుడు సక్కగ రాదంట.

నేను ఊకుంటనా? నిలవడి గట్టిగ అడిగిన, "వచ్చే యేడు కింద రెండు పరుపులన్న ఏస్తరా, ఎయ్యరా?" ఎంటనే ఒప్పుకున్నరు. పన్నెండేండ్లల్ల ఆ మండలి నా మాట ఇన్నది గదొక్కసారే.