తాడు వెనక కుట్టుమిషను

ఊళ్ళో పిల్లలు మా మావయ్యకి పెట్టిన పేరు ముట్టుకోకు తాత. మ్యూజియంలో గదులకి కాపలా ఉండటం ఆయన ఉద్యోగం. కుర్రతనం నుంచీ అదే పని, అదే నీలం కోటు, అదే మాట. "ముట్టుకోకండి" అన్నది ఆయనకి తుమ్ములా దానంతటదే వచ్చేస్తుంది. ఒకసారి మా ఇంటికి భోజనానికి వచ్చి, అమ్మ అందిస్తున్న గిన్నెని నేను పట్టుకోబోతుంటే "ముట్టుకోకండి" అన్నాడు. కాలుతుందేమోనని చెయ్యి వెనక్కి లాక్కున్నాను. గిన్నె చల్లగానే ఉంది. నాకన్నా ముందు ఆయనే తెల్లబోయాడు.

నేను అదే మ్యూజియంలో టికెట్లు ఇస్తాను. మావయ్య చెప్పబట్టి దొరికిన ఉద్యోగమని వెనకాల అనుకుంటారు. ముందర అన్నా నేను కాదనను.

బయట అంత దర్జాగా అనే ఆ మాట ఇంట్లో మాత్రం అత్తయ్యది. అత్తయ్య వీధిలోవాళ్ళందరికీ బట్టలు కుట్టేది. ముందుగదిలో కిటికీ పక్కన కాలితో తొక్కే మిషను ఉండేది. సాయంత్రం ఇంటికొచ్చిన మావయ్య ఊరికే ఉండలేక దాని చక్రం మీద చెయ్యి వేయబోయేవాడు. "మీరు ముట్టుకోకండి, దారం తెగుతుంది" అని తలెత్తకుండానే అనేది అత్తయ్య. పగలంతా ఊరినంతా అదిలించి వచ్చిన మనిషి చేతులు వెనక్కి కట్టుకుని బుద్ధిగా నిలబడేవాడు. మేం పడీపడీ నవ్వేవాళ్ళం. అత్తయ్య పోయేనాటికి కూడా ఆయన చెయ్యి ఆ చక్రం మీద పడలేదు.

ఆవిడ పోయాక మావయ్యకి మిషను గురించి బెంగ పట్టుకుంది. ఇంట్లో మనవలు దూకుడు పిల్లలు. ఎక్కుతారు, తొక్కుతారు, చక్రం పట్టుకుని వేలాడతారు. ఆయన ఆలోచించి ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాడు. వస్తువుకి లోకంలో మ్యూజియాన్ని మించిన భద్రమైన చోటు లేదు. మ్యూజియంలో తను కాపలా ఉన్న గదిని మించిన చోటు అసలే లేదు. అప్పటి డైరెక్టరుగారి చుట్టూ తిరిగి, బతిమాలి, మిషనుని తన గదిలోనే పెద్ద అద్దాల అరలో పెట్టించాడు. అంటే జీతం తీసుకుంటూ తన పెళ్ళాం మిషనుకి తనే కాపలా. ఇంత తెలివి ఆయనకి ఇంకే విషయంలోనూ ఉండగా నేను చూడలేదు.

పొద్దున్నే తాళాలు తీయగానే ముందు అక్కడికే వెళ్ళేవాడు. మిషను బల్ల మీద ఎడమవైపు, అత్తయ్య మోచెయ్యి ఆనేచోట, వార్నిష్ పోయి కొబ్బరిచిప్పంత మేర చెక్క తెల్లగా తేలి ఉంటుంది. మావయ్య అద్దంలోంచి ఆ మచ్చకేసి కాసేపు చూసి, అప్పుడు కోటు గుండీలు పెట్టుకునేవాడు.

కథ ఇలా సాగిపోతుండగా కొత్త డైరెక్టరు మేడమ్ వచ్చింది.

మేడమ్ మంచిదే. కాకపోతే నడుస్తూ మాట్లాడుతుంది, మాట్లాడుతూ ఫోను చూస్తుంది, ఫోను చూస్తూ పనులు పురమాయిస్తుంది. ఆవిడ చెప్పింది చెవిలో పడి మెదడుకి చేరేలోపు ఆవిడ పక్కగదిలో ఉంటుంది. వచ్చిన కొన్నాళ్ళకే మావయ్య గదిలో అద్దాలన్నీ తీయించేసింది. టైపు మిషను, పాత టెలిఫోను, బొగ్గుల ఇస్త్రీపెట్టె, తక్కెడ, అత్తయ్య కుట్టుమిషను అన్నీ బయట బల్లల మీదికి వచ్చాయి. గుమ్మం పైన "చేతి గది" అని బోర్డు పెట్టించింది. వచ్చినవాళ్ళు ఏదైనా ముట్టుకోవచ్చు, నొక్కొచ్చు, తిప్పొచ్చు.

"మరి నన్నేం చేయమంటారండీ?" అని అడిగాడు మావయ్య.

"ఇక్కడే ఉండండి. వచ్చినవాళ్ళకి ముట్టుకోమని చెప్తూ ఉండండి" అని వెళ్ళిపోయింది మేడమ్.

ముట్టుకోమని చెప్పడానికి ఆయనకి నోరు తిరగలేదు. ఎవరైనా మిషను దగ్గరికి వస్తే దగ్గేవాడు. ఆ దగ్గుకి అర్థం రమ్మనో పొమ్మనో వాళ్ళకి తెలిసేది కాదు, ఆయనకీ తెలిసేది కాదనుకుంటా. పిల్లలైతే అటూ ఇటూ చూసి చక్రం గిర్రున తిప్పేసేవాళ్ళు. పెద్దవాళ్ళు బల్లమీద మోచెయ్యి ఆనించి ఫొటోలు దిగేవాళ్ళు. సరిగ్గా ఆ మచ్చ మీదే. ఎవరు ఆనించినా చెయ్యి అక్కడికే పోతుంది మరి.

"అమ్మడూ, ఇలా రా. ఇది ఇంతే ఉండేదా?" అనేవాడు నన్ను పిలిచి.

"ఇంతే ఉండేది మావయ్యా."

"కాదే. పెరిగింది."

నాకేమో తేడా తెలిసేది కాదు. నలుగురి చేతులూ పడి మచ్చ పెరిగిపోతే, అందులో అత్తయ్యది ఏదో ఇంక ఎప్పటికీ తెలియదు. ఆయన భయమల్లా అదే. ఆ మాట పైకి అనకుండా, మిషను పాడైపోతోందని చెప్పి, తిరిగి ఇచ్చేయమని మేడమ్‌ని అడిగాడు.

మేడమ్ మొదటిసారి ఫోను పక్కన పెట్టింది. "మన చేతి గదిని జాతీయ అవార్డుకి పంపించానండీ. మీ మిషనే దానికి ప్రాణం. ఇప్పుడు తీసేస్తే ఎలా? ఫలితం వచ్చేదాకా ఓపిక పట్టండి. ఆ తర్వాత మీ ఇష్టం. ఇంటికి పట్టుకెళ్ళినా నేనేమీ అనను" అంది.

మావయ్య సరేనన్నాడు. ఇంకేమంటాడు?

అవార్డు అంటే ఏమిటో మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. దరఖాస్తుతో పాటు వీడియో పంపాలన్నారు. మావయ్యని మిషను పక్కన నిలబెట్టి, "ఈ గది మీలో తెచ్చిన మార్పు గురించి చెప్పండి" అన్నారు. మావయ్య చాలాసేపు ఆలోచించాడు. "కాళ్ళనొప్పులు తగ్గాయండి. ఇదివరకు గది అంతా తిరిగేవాణ్ణి, ఇప్పుడు ఈ మిషను దగ్గరే నిలబడుతున్నాను" అన్నాడు. అది కత్తిరించేసి, ఆయన దగ్గడం మాత్రం ఉంచారు. దగ్గుకి వెనక సంగీతం కూడా పెట్టారు.

కొన్నాళ్ళకి న్యాయనిర్ణేతలు స్వయంగా చూడటానికి వస్తున్నట్టు కబురొచ్చింది. మేడమ్ అందర్నీ పిలిచి, "గది రోజూ ఎలా ఉంటుందో అలాగే ఉండాలి. ప్రత్యేకంగా ఏమీ చేయొద్దు" అంది. తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, "వచ్చేవాళ్ళు చాలా పెద్దవాళ్ళు. ఏ లోటూ రాకూడదు" అని కూడా అంది.

ఈ రెండు మాటల్లో ఏది పట్టుకోవాలో మాకు పాలుపోలేదు. మావయ్యకి మాత్రం రెండోదే బోధపడింది. మా మ్యూజియంలో పెద్దవాళ్ళు వస్తే చేసే మర్యాద ఒకటే. సామాన్లగదిలోంచి ఇత్తడి స్తంభాలు తీసి తళతళలాడేలా తోమి, ఎర్రతాడు కట్టి, బోర్డులు నిలబెడతాం. మంత్రులొచ్చినా, విదేశీయులొచ్చినా అంతే. ఎవరూ చెప్పక్కర్లేదు. మావయ్య ఆ రోజు అందరికన్నా ముందే వచ్చి ఆ పని కానిచ్చేశాడు.

ముందురోజు సాయంత్రం మిషను ఖాళీ సూదికి దారం ఎక్కించి వెళ్ళిన నేను, ఆ పొద్దున టికెట్ల దగ్గర ఉండటంతో ఇదేదీ చూడలేదు. వచ్చినవాళ్ళు ఇద్దరు, ఒకావిడ, ఒకాయన. వాళ్ళకి మంచినీళ్ళు పట్టుకుని మేడమ్ వెనకాలే వెళ్ళాను. గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి నా గుండె గుభేలుమంది. పైన "చేతి గది" అని బోర్డు. లోపల ప్రతి బల్ల చుట్టూ ఎర్రతాడు. ప్రతి తాడు దగ్గరా "దయచేసి ముట్టుకోకండి" అని ఇంకో బోర్డు. కుట్టుమిషను పక్కన మావయ్య, గుండీలన్నీ పెట్టుకుని, కొయ్యలా నిటారుగా.

మేడమ్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. వచ్చినాయన ఏదో గబగబా రాసుకోవడం మొదలుపెట్టాడు. వచ్చినావిడ మాత్రం నెమ్మదిగా మిషను దగ్గరికి నడిచి, తాడు మీంచి చెయ్యి కాస్త ముందుకు చాపింది.

"ముట్టుకోకండి" అన్నాడు మావయ్య.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇది ముట్టుకునే గది అన్నారు కదండీ?"

"అవునండి."

"మరి వద్దంటున్నారు?"

"అవునండి."

"ఎందుకని?"

మావయ్య తాడుకేసి చూశాడు, బోర్డుకేసి చూశాడు, మేడమ్‌కేసి చూశాడు. "మామూలువాళ్ళు ముట్టుకుంటారండి. మీరు పెద్దవాళ్ళు కదా" అన్నాడు చివరికి.

ఆవిడకి నవ్వాగలేదు. మేడమ్ కల్పించుకోబోతే చేత్తోనే ఆపేసింది. "ఈ మిషను ఎవరిదండీ?"

"మా ఆవిడదండి. పోయింది."

"మీకు కూడా కుట్టడం వచ్చా?"

"నన్ను దగ్గరికి రానిచ్చేది కాదండి. ముట్టుకోవద్దనేది."

"ఒక్కసారి కూడా ముట్టుకోలేదా?"

మావయ్య లేదన్నట్టు తల ఊపాడు. ఆవిడ "ఒకసారి తిప్పి చూపిస్తారా? మేం ఇక్కడే నిలబడతాం" అంది.

మావయ్య నావైపు చూశాడు. నేనేం చెప్పగలను? చేతిలో మంచినీళ్ళ పళ్ళెం. ఊఁ అన్నట్టు తల ఊపాను. ఆయన తాడు దాటి లోపలికి వెళ్ళాడు. రెండు చేతులూ కోటుకి తుడుచుకున్నాడు. చక్రం మీద చెయ్యి వేసి, ఎంతో జాగ్రత్తగా, మెల్లగా తిప్పాడు. అవతలివైపుకి తిప్పాడు. సూది ఒకసారి దిగి, లోపలేదో పట్టేసి, దారం పుటుక్కున తెగింది.

మావయ్య తెగిన దారం కొసని వేళ్ళతో పట్టుకుని దానికేసే చూస్తున్నాడు.

"నిజమే చెప్పేది" అన్నాడు. "నేనేమో ఇన్నాళ్ళూ... నేను చెయ్యి వేస్తే చిరాకేమో అనుకున్నానండి. నిజంగానే తెగుతుందన్నమాట."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి. అత్తయ్య పోయిన రోజున కూడా అంతమంది మధ్య నేనంత ఏడవలేదు. పళ్ళెం ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని ఏడ్చాను.

వచ్చినావిడ తాడు కిందనుంచి వంగి లోపలికి దూరింది. "మీ వైపుకి తిప్పాలండీ. అవతలికి తిప్పితే తెగుతుంది" అంది. దారం కొస నోటితో తడిచేసి, కళ్ళు చికిలించి సూదిలోకి ఎక్కించింది. ఎక్కించేటప్పుడు ఆవిడ ఎడమ మోచెయ్యి ఆ మచ్చ మీద ఆనింది. మావయ్య చూశాడు. దగ్గనైనా లేదు.

వాళ్ళు వెళ్ళగానే మేడమ్ కుర్చీలో కూలబడింది. "ఎందుకు చేశారండీ ఈ పని? మిషనుని కాపాడుకోవాలనా?" అని అడిగింది. కోపంగా కూడా కాదు, నీరసంగా.

"పెద్దవాళ్ళొస్తే కడతాం కదండీ" అన్నాడు మావయ్య. మళ్ళీ తనే, "కాపాడుకోవాలనే కట్టానేమో కూడా. నాకే తెలియటం లేదు" అన్నాడు. ఆ మాట నిజమేనని నేను నమ్ముతాను. ఆయనకి అబద్ధం ఆడటం చేతకాదు.

ఫలితం వచ్చింది. అవార్డు వేరే ఊరి మ్యూజియానికి ఇచ్చారు. మాకు ప్రత్యేక ప్రశంస. ఎందుకయ్యా అంటే, "ముట్టుకునే గదికే తాడు కట్టి, నిషేధం గురించి సందర్శకుణ్ణి ఆలోచింపజేసిన సాహసోపేతమైన రూపకల్పన"కట. మేడమ్ చదివి వినిపించింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మావయ్య రెండోసారి చదివించుకుని, "అంటే తాడు కట్టమంటారా, వద్దంటారా?" అన్నాడు. మేడమ్ ఫోను తీసి చూసుకోవడం మొదలుపెట్టింది.

మాట మాత్రం నిలబెట్టుకుంది. "మిషను మీరు ఇంటికి తీసుకెళ్ళొచ్చు. బండి నేనే పంపిస్తాను" అంది.

బండి వచ్చే రోజున మావయ్యతో పాటు గదిలోకి వెళ్ళాను. ఆయన మిషను దగ్గర వంగి, మచ్చ చుట్టూ వేలితో మెల్లగా గీత గీసినట్టు తడుముతున్నాడు. ఈసారి నాకూ తెలిసింది. పెరిగింది. కొబ్బరిచిప్ప కాస్తా పళ్ళెమంత అయింది.

"మీ అత్తది ఎక్కడిదాకానే అమ్మడూ?"

రోజూ చూసిన మచ్చే. ఎంత గుర్తు చేసుకున్నా అంచు దొరకలేదు.

"నాకూ తెలియటం లేదు" అన్నాడు. "ఇంటికి తీసుకెళ్తే మాత్రం తెలుస్తుందా?"

ఇంతలో ఒక చిన్నపిల్ల తల్లి చెయ్యి విడిపించుకుని వచ్చి చక్రం పట్టుకుంది. అవతలికి తిప్పబోయింది. మావయ్య గభాలున ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. తల్లి కంగారుగా, "ముట్టుకోకూడదాండీ?" అని అడిగింది.

మావయ్య ఆవిడకేసి చూశాడు. ఆ తర్వాత పిల్ల చేతి మీద తన చెయ్యి వేసి, చక్రాన్ని ఇటువైపుకి, తమవైపుకి, నెమ్మదిగా తిప్పాడు. సూది టకటకమంది. అత్తయ్య ముందుగదిలో ఎలా వినపడేదో అచ్చం అలాగే. దారం తెగలేదు.

"బండి తిప్పి పంపించెయ్యమని చెప్పవే మేడమ్‌కి" అన్నాడు నాతో, చక్రం మీంచి చెయ్యి తీయకుండానే.