చారల చేపకు ఒక తెల్లవారుజాము

శుక్రవారం పొద్దున మబ్బు పట్టి ఉంది, చినుకు మాత్రం లేదు. సూర్యాపేట దగ్గర మా చేపపిల్లల కేంద్రంలో ఆ వారమంతా రోహు పిల్లల్ని చెరువుల వాళ్లకు పంపే పని. ఏడు గంటలకల్లా ప్లాస్టిక్ సంచుల్లో నీళ్లు, పిల్లలు, ఆక్సిజన్ నింపి మూతులు బిగించి వ్యాను ఎక్కించాం. ఎనిమిదికి చేతులు కడుక్కుని, మూడు వందల గాజు గోలీలున్న గుడ్డసంచి భుజాన వేసుకుని హైదరాబాద్ బస్సెక్కాను.

గోలీల సంగతి చెప్పాలంటే మా బామ్మర్ది యాదగిరి సంగతి చెప్పాలి. అతను రాయదుర్గం దగ్గర ఒక ఐటీ ఆఫీసు భవనంలో శుభ్రం చేసే పనిలో ఉన్నాడు. కింది అంతస్తు లాబీలో ఆరడుగుల అద్దాల తొట్టి ఒకటుంది. మూడు నెలల కింద దాని బాధ్యత యాదగిరికి వచ్చింది. చేపలు చచ్చినప్పుడల్లా కొనాల్సిన పని లేదని, తనే ఇక్కడ పిల్లల్ని పుట్టిస్తానని మేనేజరు మేరీ సుజాత గారికి మాటిచ్చాడు. ఒక్క గుడ్డూ రాలేదు. ఆమె తొట్టిని బయటి కంపెనీకి అప్పగించాలని నిర్ణయించారు. శనివారం పదకొండు గంటలకు వాళ్ల మనుషులు వచ్చి తొట్టి ఎత్తుకుపోతారు, యాదగిరి మళ్లీ పార్కింగ్ కింది అంతస్తులో నేల కడగడానికి పోతాడు. గురువారం సాయంత్రం ఫోన్ చేశాడు. "బావా, నువ్వు లక్షల పిల్లల్ని పుట్టిస్తవు. నా ఇరవై చేపలతోని ఒక్క గుడ్డు పెట్టియ్యరాదా?" అన్నాడు.

అవి జీబ్రా చేపలు. హిమాలయాల దిగువన కొండవాగుల్లో, గులకరాళ్ల మీద నెమ్మదిగా పారే లోతులేని నీళ్లలో పుట్టి పెరిగే జాతి. చిటికెన వేలంత పొడవు, మొప్ప నుంచి తోక దాకా నీలి చారలు. గుడ్లు పెట్టగానే వెనక్కి తిరిగి తమ గుడ్లను తామే తింటాయి. వాగులో గుడ్లు గులకరాళ్ల సందుల్లోకి జారిపోతాయి కాబట్టి కొన్ని బతుకుతాయి. యాదగిరి తొట్టి అడుగు ఉత్త అద్దం. పెట్టిన గుడ్లను అవే తినేస్తున్నాయని నాకు ఫోన్‌లోనే అనిపించింది. అందుకే గోలీలు. ఇరవై ఏళ్లుగా చేపల పనిలో ఉన్నా ఈ చేప గుడ్లు పెట్టడం నేను కళ్లతో చూడలేదు. బస్సులో కునుకు కూడా పట్టలేదు.

ఎక్స్‌ప్రెస్ బస్సుకు రెండు వందల పైచిలుకు టికెట్. పదకొండు లోపే ఎల్బీనగర్‌లో దిగాను. అక్కడ మెట్రో ఎక్కితే అమీర్‌పేటలో ఒకసారి మారాలి, చివరి స్టేషన్ రాయదుర్గం. మొత్తం గంటా పావు. స్టేషన్ తనిఖీలో నా సంచి ఆగింది. అక్కడున్న మహిళా గార్డు తెరిచి చూసి, "ఏందన్నా ఇవి, ఎవరు ఆడతరు?" అంది. చేపల కోసమన్నాను. నన్ను ఒకసారి, సంచిని ఒకసారి చూసి పొమ్మంది.

రాయదుర్గం నుంచి భవనం దాకా షేర్ ఆటోలో ఇరవై రూపాయలు. ఆధార్ కార్డు చూపి, ఫోటో దిగి, మెడలో పాసు వేసుకుంటే గానీ లాబీలోకి అడుగు పెట్టనివ్వరు. ముందు భోజనం చేద్దామని యాదగిరి నన్ను వెనక సందులోని బండి దగ్గరికి తీసుకెళ్లాడు. అన్నం, పప్పు, కోడికూర కలిపి తొంభై. బండి నడిపే అక్కకు సంగతంతా ముందే తెలుసు. "మీ బావ గుడ్లు పెట్టిస్తడా యాదగిరీ? గట్లయితే నాకొక డజన్ ఇయ్యమను, ఆమ్లెట్ ఏస్త" అంది. యాదగిరి నవ్వలేదు.

తొట్టిని చూడగానే నా లెక్క తప్పని తెలిసింది. నీళ్లు స్వచ్ఛంగా ఉన్నాయి, తిండికి లోటు లేదు. మగవి సన్నగా, కాస్త పసుపు మెరుపుతో ఉంటాయి. ఆడవి వెండి రంగులో, గుండ్రని పొట్టతో ఉంటాయి. ఇక్కడ ఆడవాటి పొట్టలు గుడ్లతో బిగిసిపోయి ఉన్నాయి. అంటే పెట్టిన గుడ్లు తినేయడం కాదు, అసలు పెట్టడమే లేదు. పైన తెల్లటి దీపం వెలుగుతోంది. లాబీ దీపాలు సరేసరి.

"రాత్రి ఈ దీపం ఎన్నింటికి ఆర్పుతవు?" అనడిగాను.

"ఎందుకు ఆర్పుత బావా? రాత్రి షిఫ్టోళ్లు దిగొచ్చి చూస్తరు, ఖుషీ అయితరు. మా దగ్గర రాత్రి అనేదే లేదు."

"నీకు లేకుంటే లేకపోయె. వాటికి కావాలె గద."

అతనికి వెంటనే ఎక్కలేదు. కూర్చోబెట్టి చెప్పాను. మా రోహుకు మేం హార్మోన్ సూది వేసి గుడ్లు పెట్టిస్తాం. ఈ చేపకు సూది అక్కర్లేదు, చీకటి పోయి మొదటి వెలుతురు పడితే చాలు. అప్పుడే మగది వెంట పడుతుంది, ఆడది గుడ్లు వదులుతుంది. రాత్రి లేని చోట తెల్లవారదు కదా. మూడు నెలలుగా ఈ ఇరవై చేపలూ ఒకే మిట్టమధ్యాహ్నంలో ఈదుతున్నాయి. యాదగిరి దీపం వంక చూసి, "నేనే గద బావా ఎలిగించింది" అన్నాడు.

మా చేతిలో ఉన్నది ఒక్క తెల్లవారుజామే. అందరి ముందూ తొట్టిలోకి చెయ్యి పెట్టి అడుగున ఒక మూల గోలీలు రెండు పొరలుగా పరిచాం. కింద పార్కింగ్‌లో ఎవరో వదిలేసిన కారు కవరు తెచ్చి దులిపి, రెండు మడతలు వేసి, సాయంత్రం ఏడున్నరకు దీపం ఆర్పి తొట్టి మొత్తం కప్పాం. గాలి పంపు మాత్రం నడవనిచ్చాం. ద్వారం దగ్గరి గార్డు ఒప్పుకోలేదు. లోపల ఏముందో కనపడకపోతే రిజిస్టర్‌లో ఏం రాయాలని అతని బాధ. "చేపలు పండుకున్నయని రాయి" అన్నాడు యాదగిరి. గార్డు అలాగే రాసుకుని, కవరు ఎవరూ ఎత్తకుండా చూస్తానని తన కుర్చీని తొట్టి దగ్గరికి జరుపుకున్నాడు.

రాత్రి నిజాంపేటలో యాదగిరి కిరాయి గదిలో పడుకున్నాను. శనివారం అయిదింటికి, ముందురోజే మాట్లాడిపెట్టుకున్న ఆటోలో బయలుదేరాం, రెండు వందల యాభై. దారిలో రాత్రి షిఫ్టు ముగిసిన క్యాబులు వరసగా ఎదురొచ్చాయి. ఇంత పొద్దున ఆఫీసులో ఏం పనని ఆటో అతను అడిగితే యాదగిరి కాన్పు ఉందన్నాడు. "దవాఖాన అటు లేదు గదన్నా" అని ఆటో నెమ్మదిగా నడపడం మొదలుపెట్టాడు. నిజం చెప్పాకే మళ్లీ వేగం పెంచాడు.

గార్డు మెలకువగానే ఉన్నాడు. ఒకాయన కవరు ఎత్తబోతే చేపలకు జ్వరమని చెప్పి పంపేశాడట. సరిగ్గా ఆరింటికి కవరు తీసి దీపం వేశాం. చేపలు అడుగున ఒక మూల గుంపుగా, కదలకుండా ఉన్నాయి. అయిదు నిమిషాలు ఏమీ లేదు. యాదగిరి అద్దం మీద ఊపిరి ఆవిరి పడుతుంటే మోచేత్తో తుడుచుకుంటూ చూస్తున్నాడు. తర్వాత ఒక మగ చేప గుంపులోంచి విడివడి, పొట్ట ఉన్న చేప చుట్టూ తిరిగింది. మూతితో దాని పక్కను పొడిచింది. ఇంకో రెండు వచ్చాయి. పది నిమిషాల్లో తొట్టంతా తరుముళ్లే. ఆడది గోలీల దాకా దిగడం, మగది పక్కకు చేరి ఒళ్లానించి క్షణం వణకడం, రెండూ విడిపోవడం. అలా మళ్లీ మళ్లీ జరిగింది. నా చేతి మీద వెంట్రుకలు నిలబడ్డాయి. మా కేంద్రంలో సూదితో చేయించే పనిని ఇవి ఒక దీపంతో చేస్తున్నాయి.

"గుడ్లేవి బావా? ఏం కనపడ్తలేదు" అన్నాడు యాదగిరి. కనపడవు. గసగసాల గింజంత ఉంటాయి, అద్దంలా తేటగా ఉంటాయి. ఏడున్నరకు సన్నటి గొట్టంతో గోలీల సందుల్లోంచి నీళ్లు పీల్చి క్యాంటీన్ తెల్ల ప్లేటులోకి వదిలాను. మొదట మురికే. వెలుతురుకు వాల్చి పట్టుకుంటే మురికి మధ్య మెరుస్తూ ఒకటి, పక్కన నాలుగు, తర్వాత లెక్క కుదరలేదు. యాదగిరి ప్లేటు రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. గార్డు వచ్చి చూసి, రిజిస్టర్‌లో ఇప్పుడేం రాయాలని అడిగాడు.

తొమ్మిదిన్నరకు మేరీ సుజాత గారు వచ్చారు. ప్లేటు చూసి, "ఇవి గుడ్లేనా అండీ? నీటి బుడగలు కావు కదా?" అన్నారు. గాజు గ్లాసులో నీళ్లు పోసి, చుక్కగొట్టంతో రెండు గుడ్లు తీసి వదిలాను. బుడగైతే పైకి పోతుంది. అవి నెమ్మదిగా కిందికి దిగి అడుగున ఆగాయి. ఆమె ఫోన్ కెమెరాతో దగ్గరగా చూశారు. రేపటికి లోపల గుండె కొట్టుకోవడం భూతద్దంతో చూడొచ్చని, మూడో రోజుకు పిల్ల బయటికి వస్తుందని చెప్పాను.

"మరి ఇన్నాళ్లూ ఎందుకు పెట్టలేదు?" అన్నారు.

లాబీ దీపాలు ఆర్పకూడదన్నది కంపెనీ పెట్టిన నియమం. యాదగిరి ఆ మాట అని తప్పుకోవచ్చు. "లైట్ నేనే బంద్ చెయ్యలే మేడం. రాత్రి, పగలు ఎలిగించిన. అవి పరేషాన్ అయినయ్" అన్నాడు.

"అంటే మూడు నెలలు వాటిని నిద్రపోనివ్వలేదన్నమాట."

"పోనియ్యలే మేడం."

ఆమె ప్లేటు ఎవరి చెయ్యీ తగలకుండా పెట్టమని చెప్పి లిఫ్టులో పైకి వెళ్లారు. గుడ్లను వేరే టబ్బులోకి మార్చి, మేం సోఫా అంచున కూర్చున్నాం. నేను మోసుకొచ్చిన గోలీలు గుడ్లను కాపాడాయి తప్ప పెట్టించలేదు. పెట్టించింది పాత కారు కవరు. చేపల గురించి తెలుసనుకుని బస్సెక్కాను గానీ, తొట్టి ముందు నిలబడి దీపం ఎప్పుడు ఆర్పుతావని అడిగేదాకా నాకు తెలిసింది సగమే. ఈ పని ఇంకా ఎన్నిసార్లు చూసినా మళ్లీ అయిదింటికి లేవగలను. ఎవరి తొట్టిలోనైనా ఇది చూడాలని మీరు ఈ వైపు వస్తే ఒక్కటి గుర్తుంచుకోండి: పొద్దున మొదటి మెట్రో వచ్చేసరికి తెల్లారిపోతుంది, కాబట్టి ఆటోను ముందురోజు సాయంత్రమే మాట్లాడిపెట్టుకోండి.

పదకొండు గంటలకు బయటి కంపెనీ మనుషులు ఇద్దరు చక్రాల బండితో వచ్చారు. మేరీ సుజాత గారు కిందికి దిగి వాళ్లతో రెండు మాటలు మాట్లాడారు. పదకొండు ఇరవైకి వాళ్లు ఖాళీ బండితో వెళ్లిపోయారు. పన్నెండుకు నేను బయలుదేరాను. యాదగిరి సాయంత్రం తొట్టికి కవరు కప్పి, ఏడు నలభైకి ఇంటికి వెళ్లాడట.