డ్రిల్లు మాస్టారి రెండో వరస

వరప్రసాదరావు నందిగామలో ఒక హైస్కూల్లో ముప్ఫై మూడేళ్లు డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాడు. డెబ్బై ఒకటో ఏట కూడా మనిషి నిటారుగానే ఉండేవాడు. అందుకే మతి తప్పుతోందన్న సంగతి భార్య రత్తమ్మ కూడా ఆలస్యంగానే కనిపెట్టింది.

నిరుడు శ్రావణంలో జగ్గయ్యపేటలో తోడల్లుడి ఇంటి గృహప్రవేశానికి ఆయన స్కూటర్ మీద వెళ్లాడు. భోంచేసి, బస్సెక్కి ఇంటికొచ్చేశాడు. తెల్లారి చూస్తే వాకిట్లో స్కూటర్ లేదు. దొంగలెత్తుకుపోయారని పోలీసులకి కాగితం రాసిచ్చి వచ్చాడు. మధ్యాహ్నం తోడల్లుడు ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, బండి మా ఇంటి ముందే వదిలేసి పోయావేంటి?"

బస్సెక్కినట్టు గుర్తుంది ఆయనకి. స్కూటర్ మీద వెళ్లినట్టు ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు.

విజయవాడలో డాక్టరు ఐదు మాటలు చెప్పి, కాసేపయ్యాక అవే తిరిగి చెప్పమన్నాడు. మూడే వచ్చాయి. "దీన్ని పెద్ద జబ్బు అనలేం, దానికి ముందు మెట్టు. అందరికీ ముదురుతుందనీ లేదు. బిళ్లలతో తగ్గేది కాదు. వారానికి ఐదు రోజులు చెమట పట్టేలా నడవండి, వ్యాయామం చేయండి" అన్నాడు. వేల మంది పిల్లలకి తాను చెప్పిన మాటే అది. ఎవరో పక్కింటాయన గురించి చెబుతున్నట్టు విని ఊరుకున్నాడు వరప్రసాదరావు. భయమేమీ వెయ్యలేదు.

నందిగామలోనే ఇలాంటి పెద్దవాళ్ల కోసం ఫిజియోథెరపీ చేసే ఉషశ్రీ కమ్యూనిటీ హాల్లో రోజూ పొద్దున క్లాసు పెడుతోంది. ఆమె ఒకప్పుడు ఆయన దగ్గర ఖోఖో నేర్చుకున్న పిల్ల. పన్నెండు మంది వస్తారు. నిలబడ్డ చోటే అడుగులు వేస్తూ, అడుగుకో కూరగాయ పేరు చెప్పాలి. కాళ్లూ బుర్రా ఒకేసారి పనిచేయాలంటుంది ఆమె. వంకాయ, బెండకాయ దాకా వచ్చి ఆయన ఆగిపోతే, పక్కనుండే బసవమ్మ చిన్నగా అందించేది, "దొండకాయ అనండి మాస్టారూ."

మూడో వారంలో ఉషశ్రీ ఆయన చేతికి విజిల్ ఇచ్చింది. "ఇవాళ డ్రిల్లు మీరు చేయించండి మాస్టారూ."

ఆయన ముందుకొచ్చి నిలబడ్డాడు. సావధాన్, విశ్రామ్ అన్నవి గొంతులోంచి వాటంతటవే వచ్చాయి. మొదటి కసరత్తు అయింది. రెండోది కూడా సగం అయింది. అందరూ చేతులు పైకెత్తి ఉన్నారు. ఆ తర్వాతేంటో ఆయనకి తోచలేదు. 

"చేతులు దించమంటారా మాస్టారూ?" అడిగింది బసవమ్మ.

"దించండి" అన్నాడు.

విజిల్ ఉషశ్రీకి ఇచ్చేసి, వెళ్లి రెండో వరసలో బసవమ్మ పక్కన నిలబడ్డాడు. సిగ్గేస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాడు. సిగ్గు కూడా రాలేదు. ఉషశ్రీ ఒకటి, రెండు అని లెక్కపెడుతుంటే చేతులు ఎత్తాడు, దించాడు.

మర్నాడు క్లాసు వేళకి కుర్చీలో కూర్చుని లేవలేదు. బూట్లు తెచ్చి ముందు పెట్టింది రత్తమ్మ.

"వెళ్లాలని లేదా?"

"వద్దనీ లేదు, వెళ్లాలనీ లేదు. ఏమీ అనిపించట్లేదు."

"అనిపించకపోయినా పదండి. ఇవాళ్టి నుంచి నేనూ వస్తా" అంది ఆమె. ఆయన బూట్లు తొడుక్కున్నాడు. ఆ రోజు నుంచి రెండో వరసలో బసవమ్మ, ఆయన, రత్తమ్మ పక్కపక్కనే నిలబడేవారు. రత్తమ్మకి మొదటి వారం పిక్కలు పట్టేసి మెట్లెక్కడం కష్టమైంది గానీ, మానలేదు. ఆయన కూడా ఒక్కరోజు మానలేదు.

ఆరు నెలల తర్వాత డాక్టరు మళ్లీ ఐదు మాటలు చెప్పి అడిగాడు. ఈసారీ మూడే వచ్చాయి.

"జ్ఞాపకశక్తి పెరగలేదు, తగ్గలేదు. తగ్గకపోవడమే మనకి కావాల్సింది" అన్నాడు డాక్టరు.

తిరుగు బస్సులో రత్తమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆయన కిటికీలోంచి కోతకొచ్చిన మిరప చేలు చూస్తున్నాడు.

"డాక్టరు అంత మంచి మాట చెప్పాడు కదా, ఏమనిపిస్తోందండీ?" అంది.

ఆయన మోకాళ్ల మీద చేతులు వేసి చూసుకున్నాడు.

"మోకాళ్లు కాస్త తేలిగ్గా ఉన్నాయి" అన్నాడు.