బూడిద గ్రహానికి వచ్చిన ఉత్తరం

మా చిన్నప్పుడు ఆరేసిన బట్టల్ని దులపకుండా ఇంట్లోకి తెచ్చేవాళ్ళం కాదు... దేవసూగూరు దగ్గర కరెంటు ప్లాంటు కాలనీలో మా క్వార్టరు. గాలి మావైపు తిరిగిందంటే చాలు, సన్నటి బూడిద వచ్చి తలుపు గడియ మీద, తీగ మీది లంగాల మీద, నా రెండు జడల మీద వాలేది.

నాన్నది బొగ్గు దింపే చోట షిఫ్టు డ్యూటీ. అంతకుముందు రాయచూరు టౌనులో పెద్దనాన్న వాళ్ళతో కలిసి ఉండేవాళ్ళం. ఇంటినిండా పిల్లలు, ఒకటే గోల. కాలనీకి వచ్చాక నేనొక్కదాన్నే... పక్క క్వార్టర్ల పిల్లలందరూ మైసూరు వైపువాళ్ళు. సగం ఉర్దూ కలిసిన నా రాయచూరు కన్నడ వింటే వాళ్ళకు నవ్వాగేది కాదు. రెండుసార్లు నవ్వారు, మూడోసారి నేనే ఆడుకోవడానికి వెళ్ళలేదు. నాకు రోషం ఎక్కువ.

ఆ ఎండాకాలం మహబూబ్‌నగర్ నుంచి మా మేనమామ వచ్చాడు. సెలవుల్లో నాకు తెలుగు రాయడం, చదవడం నేర్పింది ఆయనే. పాత పుస్తకాల పిచ్చి మనిషి. నా మొహం చూసి ఏం కనిపెట్టాడో ఏమో, ఒక కథ చెప్పాడు.

"ఇంగ్లండుల రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కొందరు పోరగాండ్లు ఉండిరి బిడ్డా. సైన్సు కథలంటే పానం వాళ్ళకు. గాని, ఊరికి ఒక్కడే... మాట్లాడనీకె ఎవ్వరుండరు. అందుకని వాళ్ళే ఒక పత్రిక పెట్టుకున్నరు. ఇంట్లనే కాపీలు తీసి పోస్టుల పంపేటోళ్ళు. చదివినోళ్ళు మళ్ళ ఉత్తరం రాయాలె. గిట్ల ఉత్తరాలతోనే దోస్తులైన్రు."

ఇంకేముంది! మామ వెళ్ళిన మర్నాడే నేను ఎడిటర్‌ని అయిపోయాను. పత్రిక పేరు 'బూడిద గ్రహం'. అందులో ఒకటే కథ, పక్కన నేను గీసిన బొమ్మ. బూడిద కురిసే గ్రహం మీద ఒక పిల్ల ఒంటరిగా దిగుతుంది, రేడియోలో అందరినీ పిలుస్తూ ఉంటుంది...

కాపీలు తీసే ఉపాయం కూడా మామే చెప్పిపోయాడు. సముద్రపు నాచుతో చేసే చైనాగ్రాసు, చక్కెర, గ్లిజరిన్ కలిపి ఉడికించి పళ్ళెంలో పోస్తే జిగురు పలకలా గడ్డకడుతుంది. తడిపితే ఊదారంగు దిగే పెన్సిలుతో కథ రాసి, ఆ కాగితాన్ని పలక మీద బోర్లించాలి. రంగు జిగురులోకి దిగుతుంది. పైన తెల్లకాగితం పరిచి నొక్కితే అక్షరాలు పైకొస్తాయి. మొదటిది ముదురుగా, తర్వాతవి అంతకంతకూ వెలవెలబోతూ...

"ఏందే గిది? హల్వకు దాచిన చైనాగ్రాసు అంత గీ పెన్సిలు రంగుల ముంచినవా?" అని అమ్మ నెత్తి కొట్టుకుంది. చక్కెర ధారాళంగా పోశానేమో, సాయంత్రానికి ఇంట్లోని చీమలన్నీ మా ప్రెస్సుకే వచ్చాయి. ఒకటి రెండు కాపీల్లో కథతోపాటు అచ్చయ్యాయి కూడా.

ఇంటింటికీ తిరిగి పంచాను. మా గుమ్మం పక్కన ఖాళీ బిస్కెట్ల డబ్బా పెట్టి 'పాఠకుల ఉత్తరాలు ఇందులో వేయగలరు' అని అట్టముక్క కట్టాను. రోజూ నిద్ర లేవగానే ముందు డబ్బాలో చెయ్యిపెట్టేదాన్ని. వేళ్ళకు బూడిద అంటేది, అంతే.

అప్పుడుగానీ తెలిసిరాలేదు నాకు. కాలనీలో తెలుగు చదవడం వచ్చినవాళ్ళే లేరు! మైసూరువాళ్ళ సంగతి సరే, మా ఇంట్లోనూ లేరు. పొద్దున లేస్తే మేం మాట్లాడేదంతా తెలుగే కదా, అందరికీ చదవడం వచ్చనుకున్నాను. నాన్న కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మనకు తెలుగు నోటికే బిడ్డా. నాకు కన్నడ, ఉర్దూ చదవనీకె వస్తది. మీ అమ్మకు కన్నడ ఒక్కటే" అన్నాడు. పాపం, "బొమ్మ మాత్రం మస్తుంది" అని కూడా అన్నాడు. ఆ రోజు బాత్రూములో నల్లా తిప్పి ఏడ్చాను. నన్ను వినే మనిషి భూమ్మీద ఒక్కరూ లేరనిపించింది.

మర్నాడు అమ్మ జొన్నరొట్టెలు తడుతూ, "జర చదువు, ఇంట" అంది. డబ్బా మీది అట్టముక్కతో సహా అంతా చదివాను. అమ్మ మధ్యలో "ఊ" అనలేదు, చివర్లో బాగుందనీ అనలేదు. రొట్టె తిరగేసి, "పో, చేతులు కడుక్కో" అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది.

తర్వాతి రోజు డబ్బాలో మడిచిన కాగితం!

గబగబా పైకి తీశాను. విప్పితే కన్నడ అక్షరాలు... ఎవరో మైసూరు పిల్ల రాసిందనుకున్నాను. కూడబలుక్కుని చదివితే మాట తెలుగు. మా ఇంటి తెలుగు.

"ఎడిటరమ్మకు నమస్కారం. నీ గ్రహం మీద ఆ పిల్ల ఒక్కతే ఉంది గద. ఆమెకు రొట్టెలెవరు చేసి పెడ్తరు? ఏడ్పొస్తే ఎవరి తాన పోతది? నాకు నిద్ర పట్టలే. జర ఇంకొకరిని తోలియ్యి. ఇట్లు, చదువరి."

వంటింట్లోకి పరిగెత్తాను. అమ్మ తల తిప్పకుండానే, "ఉత్తరం డబ్బల ఎయ్యాలని నువ్వే చదివి చెప్పినవు గదనే" అంది.

రెండో సంచికలో ఆ గ్రహం మీదికి ఇంకో మనిషిని దింపాను. దాన్ని కన్నడ అక్షరాల్లోనే, తెలుగు మాటల్లోనే రాశాను. కాపీ మాత్రం ఒక్కటే తీశాను... మొదటిది, ముదురుది.

ఇప్పుడు అమ్మ లేదు. నేనిక్కడ ఏం రాసినా రెండు నిమిషాల్లో బొటనవేళ్ళు, గుండె బొమ్మలు వచ్చిపడతాయి. సంతోషమే... కానీ నేను రాసిన పిల్ల అన్నం తిందో లేదో అని నిద్ర మానుకునే చదువరి మళ్ళీ దొరకలేదు.

మీరు రాసిందో, గీసిందో, పాడిందో... మొట్టమొదట మనసుపెట్టి పట్టించుకున్న మనిషి ఎవరు? వాళ్ళు ఇంకా ఉంటే ఇవాళ ఒకసారి మాట్లాడండి. లేకపోతే ఇక్కడ నాకు చెప్పండి, నేను వింటాను.